ఒట్టెయ్యని పిల్ల

"నీ ఊరిని గేటు బయట కట్టేసి రమ్మని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అన్నడు మా రీజనింగ్ సారు. చేతిలున్న చాక్‌పీసు బోర్డుకు తాకి పుటుక్కున ఇరిగింది.

బాన్సువాడ బస్టాండు దగ్గర, ఎరువుల దుకాణం మీది అంతస్తుల ఉండె మా కోచింగు. కింద యూరియా వాసన, మీద మేము. బ్యాంకు క్లర్కు పరీక్షకు సదువుతున్న నేను. లెక్కలల్ల నన్ను కొట్టేటోళ్ళు ఆ క్లాసుల లేకుండె. ఇంగ్లీషు ఎట్లనో గట్టెక్కిస్తుంటి. కని క్రిటికల్ రీజనింగ్ అని ఒకటుంటది సూడు, దాని కాడికి వచ్చేసరికి నాకు మన్ను దుబ్బ సమజ్ గాకపోయేది. పైన నాలుగు ముక్కల సంగతి ఇస్తరు. కింద ఒక ముగింపు రాస్తరు. ఆ సంగతిల నుంచి ఈ ముగింపు కచ్చితంగ వస్తదా, రాదా చెప్పాలె. సూస్తె గింతంత పని. కూసుంటె పానం తీస్తది.

ఆ దినం బోర్డు మీద రాసింది గిది. ఒక ఊరికి బస్సు బందయింది. ఊరోళ్ళు రోడ్డు మీద కూసుని ధర్నా చేసిన్రు. తెల్లారి బస్సొచ్చింది. ముగింపు: ధర్నా చేసినందుకే బస్సొచ్చింది.

"వస్తది సార్" అన్న నేను, అందరికంటె ముందు.

"ఎట్లొస్తది?"

"మా ఊర్లె గట్లనే వచ్చింది సార్. మా అవ్వ గూడ కూసున్నది ధర్నాల."

క్లాసు క్లాసంత గొల్లుమన్నది. మా అవ్వ అంటె నన్ను కన్న తల్లి, మా ఇంట్ల తల్లినే అవ్వ అని పిలుస్తం. నాకు కోపమొచ్చింది. ఉన్న మాట చెప్తె నవ్వుడేంది?

సారుది డోంగ్లి దిక్కు, మరాఠీ మాట్లాడే అంచు. కోపమొస్తె తెలుగు ఆగిపోయి మరాఠీ మొదలైతది. ఆ దినం మరాఠీ దాక పోలే. దగ్గరికొచ్చి నిమ్మలంగనే చెప్పిండు. "బస్సు ఖరాబై డిపోల పడున్నదేమో. డ్రైవర్‌కు జరమొచ్చిందేమో, తెల్లారి తగ్గిందేమో. ధర్నా అయినంక బస్సొచ్చింది, నిజమే. ధర్నా వల్ల వచ్చిందని కాయిదం మీద ఉన్నదా? నీ ఊర్ల ఉన్నది. చూడు, ఇంకో కారణం దూరేటందుకు యాడన్న సందు ఉన్నదా అని వెతకాలె. సందు లేకుంటెనే అది ముగింపు. సందున్నదా, అది ఉత్త అనుమానం."

తలకాయ ఊపి కూసున్న. కని నా మనసు ఒప్పలే. మా దిక్కు మనుషులు నోటితోని చెప్పేది సగమే ఉంటది. సంబంధం చూడొచ్చినోళ్ళు చాయ తాగి "ఇంటికి పోయి మాట్లాడుకుంటం" అంటె కాదన్నట్టు. పిలవంగనే రానోళ్ళు కోపం మీదున్నట్టు. చెప్పని మాటను పట్టుకునుడే మా బతుకు. చెప్పింది మాత్రమే చూడుమంటె ఎట్ల చూడాలె? సారుతోని ఆ మాట అనలే, కడుపుల పెట్టుకొని అర్రకు పోయిన.

మేముండే అర్ర ఒక పాత ఇంటి ముందల దిక్కు. మేము ముగ్గురం ఆడపిల్లలం. ఒకామె మాకంటె పెద్దది, టీచర్ పరీక్షకు సదువుతుండె, అక్క అని పిలుస్తుంటిమి. ఇంకొకామె మద్నూర్ పిల్ల, ముస్లిమ్‌లది, నాతోనే కోచింగుకు వస్తుండె. ఎనుక దిక్కు ఇంటి ఆంటీ ఉంటది. ఆమె భర్త లారీ డ్రైవరు, ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తడు.

ఆంటీ మంచిదే. అది ముందే చెప్తున్న, లేకుంటె మీరు ఇంకోతీరుగ అనుకుంటరు. వాన పడ్డ దినం జొన్న రొట్టెలు చేస్తె మా ముగ్గురికి తలా ఒకటి పంపకుంటె ఆమెకు ముద్ద దిగది. నాకు జరమొచ్చినప్పుడు దవాఖానకు తానే తోలుకపోయింది, సూది ఏస్తుంటె నా చెయ్యి పట్టుకున్నది. ఆమె లోపలి అర్రల నీళ్ళ మోటరు స్విచ్చు ఉంటది. యాడికన్న పోతె తాళంచెయ్యి నాకే ఇచ్చి పోయేది. "నువ్వు నమ్మకమున్న పిల్లవు" అనేది. ఆ మాటకు నేను లోపల లోపల పొంగిపోయేదాన్ని.

ఆంటీ చెల్లె బిడ్డ పెండ్లికని మద్నూర్ పోయింది. పోయేటప్పుడు తాళంచెయ్యి నా చేతుల పెట్టింది. తిరిగొచ్చేసరికి దగ్గు, జరం. కొన్ని దినాలు మంచం దిగలే. లేసినంక బీరువ తెరిచింది. బంగారు గుండ్ల దండ లేదు.

ఆ గుండ్లు ఆమె తల్లివి. తల్లి పోయేటప్పుడు చేతుల పెట్టి పోయింది. బస్సుల బంగారం ఏసుకొని పోవాలంటె భయమని పెండ్లికి గిల్టుది ఏసుకొని పోయింది, గుండ్లు ఇంట్లనే పెట్టింది. "బీరువల పెట్టిన. నా కండ్లతోని నేను పెట్టిన" అని నెత్తి కొట్టుకున్నది. ఏడ్చి ఏడ్చి కూలబడ్డది. మేము ముగ్గురం ఇల్లంత తిరగేసినం. బట్టలు దులిపినం, మంచం జరిపినం. లేవు.

ఏడుపు ఆగినంక ఆంటీ లేసి మొఖం కడుక్కొని, దేవుని గూట్ల నుంచి ఒక ఇత్తడి గిన్నె తెచ్చి మా ముందల పెట్టింది. అండ్ల బండారి ఉన్నది. ఎల్లమ్మ గుడి నుంచి తెచ్చుకునే పసుపును మా దిక్కు బండారి అంటరు. అది ముట్టి అబద్ధమాడితె ఆ ఇల్లు నిలువదని నమ్మకం. ఊర్లల్ల పంచాయితి ఎటూ తెగకుంటె ఆఖరుకు బండారి ముట్టిస్తరు.

"నేను ఎవ్వరి మీద అనను. ముగ్గురు నా బిడ్డల లెక్కనే. ఒట్టేసి చెప్పున్రి, అయిపోతది" అన్నది.

అక్క ముందలికొచ్చి బండారి ముట్టి తియ్యలేదన్నది. మద్నూర్ పిల్ల బండారి ముట్టలే. గొంతు కాడ చర్మం చేతితోని పట్టుకొని, "అల్లా కసం ఆంటీ, మై నై లీ" అన్నది. ఆంటీ తలకాయ ఊపింది. ఎవ్వరి దేవుడు వాళ్ళకు.

ఇగ నేను. నా చేతులు ఎనుకకు పోయినయ్.

"ఆంటీ, మా ఇంట్ల ఒట్టు ఉండది. నేను తియ్యలే. తియ్యలేదంటె తియ్యలే."

"నా దేవుడు వద్దంటె వద్దు బిడ్డా. నీ ఏసు మీదనే వెయ్యి. నేనేమన్న అంటనా?"

"ఏసు మీద గూడ వెయ్యం ఆంటీ. దేని మీద వెయ్యం."

ఆంటీ నన్ను కింది నుంచి మీదికి చూసింది. "ఒట్టు లేని దేవుడు ఉంటడా ఎక్కడన్న?"

ఏం చెప్పాలె? మేము కిరస్తానపోళ్ళం. మా పాస్టరు గారు ఒట్టు పెట్టుకోవద్దంటడు, వినేటోళ్ళు వింటరు, విడిచేటోళ్ళు విడుస్తరు. మా అవ్వ మాత్రం ఆ ఒక్క మాటను పట్టుకుంటె ఇడవలే. చిన్నప్పుడు గోలీలాటల "అమ్మ తోడు" అన్నందుకు చీపురు తిరగేసి కొట్టింది. "నీ మాట చాలదా? దేవుణ్ణి ఎందుకు జామీను పెడ్తవ్?" అన్నది. ఒకసారి ఎవరి పొలం ఒడ్డు మీదనో గడ్డి కోసిందని ఆమె మీదికొచ్చిన్రు. కొయ్యలేదు ఆమె. ఒట్టెయ్యిమన్నరు. ఎయ్యలే. ఎండల నిలబెట్టిన్రు, అడ్డమైన మాటలన్నరు. "నేను కొయ్యలే" అన్న ఒక్క మాట తప్ప ఇంకో మాట రాలే ఆమె నోట్లకెల్లి. ఆఖరుకు కొయ్యని గడ్డికి తప్పు పైసలు కట్టింది గని ఒట్టెయ్యలే. ఆ తల్లి కడుపున పుట్టి నేను బండారి ఎట్ల ముడ్త?

ఇదంత చెప్పిన. ఆంటీ విన్నది. విని ఒక్కటే అన్నది. "తాళంచెయ్యి నీ దగ్గరుండె."

"మీ ఊరి పెద్దమనిషి నాకు అన్న వరుస" అన్నది ఇంకా. "ఆదివారం దాక చూస్త. ఆలోపల ఒట్టన్న వెయ్యి, గుండ్లన్న పెట్టు. లేకుంటె ఆయినకు ఫోన్ చేస్త. నా తల్లి యాది అది, నేను ఊకోను."

మాది నస్రుల్లాబాద్ దగ్గర ఊరు. మా అవ్వ పనిచేసేదే ఆ పెద్దమనిషి పొలాలల్ల. నాటు ఆమెనే, కోత ఆమెనే. వాళ్ళింట్ల వడ్లు ఎండబోస్తది, కొట్టంల పోస్తది, ఎవ్వరూ లేకున్నా లోపలికి పోయొస్తది. ఒట్టెయ్యని మనిషని తిట్టినోళ్ళే, తర్వాత తర్వాత ఆమె మాటను నమ్ముడు నేర్చుకున్నరు. బిడ్డ దొంగ అన్న మాట ఆ ఇంటికి చేరితె ఆ దర్వాజ ఇగ తెరుచుకోది. ఆ ఇల్లు మూస్తె ఊర్ల మిగతా ఇండ్లు గూడ మూస్తయ్. నా ఇజ్జత్ పోతె పోయె, మా అవ్వ యాడ పని చేస్తది? యాడ తలెత్తి నడుస్తది? ఇగ ఆదివారమంటె నా పరీక్ష.

నేను ఊకుండే పిల్లను గాదు. మరునాడు పొద్దుగాల్నే ఆంటీ ముందల నిలబడ్డ. సారు నేర్పింది నోట్ల ఉన్నది గద.

"ఆంటీ, ఒక్క మాట ఆలోచన చెయ్యున్రి. దొంగతనం చేసెటోళ్ళు అబద్ధపు ఒట్టు వెయ్యలేరా? నేనే తీస్తె, అందరికంటె ముందుగాల నేనే ఒట్టేసి తప్పించుకుందును గద. ఒట్టేసినంత మాత్రాన తియ్యలేదని ఎట్ల? ఎయ్యనంత మాత్రాన తీసినట్టు ఎట్ల?"

ఎంత మంచిగ చెప్పిన అనుకున్న. ఆంటీ నోరు తెరవకముందే నా ఎనుక నుంచి అక్క గొంతు వినబడ్డది.

"అంటె? ఒట్టేసినోళ్ళమే తీసినమంటవా?"

"నేను గట్లనలే అక్కా..."

"ఇంకెట్లన్నవ్? అబద్ధపు ఒట్టు అంటివి. ఒట్టేసింది మేమిద్దరం."

మద్నూర్ పిల్ల ఏం అనలే. పుస్తకం మూసి బయటికి పోయింది. అది అనకపోవుడే ఎక్కువ కోసింది నన్ను. అప్పుడు తెలిసింది, నా దిక్కు నుంచి ఒక్క మాట తర్కం మాట్లాడినా ఆ ఏలు తిరిగి తిరిగి ఇంకొకరి మీదికే పోతదని. అట్లని ఊకుంటె నా మీదనే ఉంటది. ఎటు పోదునే దేవుడా అనిపించింది.

క్లాసుకు పోయిన. సారు చెప్తున్నడు, నాకు చెవులల్ల పడ్తలేదు. ఆఖరుకు చెయ్యి లేపిన.

"సార్, ఒక ప్రశ్న. ఒక ఇంట్ల సొమ్ము పోయింది. ముగ్గురున్నరు. ఇద్దరు ఒట్టేసిన్రు, ఒకరు ఎయ్యలే. ముగింపు: ఎయ్యనోళ్ళే దొంగ. వస్తదా?"

"వస్తది" అన్నరు నా ఎనుక బెంచిల చానమంది. మద్నూర్ పిల్ల తల దించుకున్నది.

సారు నా దిక్కు చూసిండు. "నువ్వు చెప్పు."

"రాదు సార్. ఎయ్యకపోనీకి ఇంకో కారణం ఉండొచ్చు. వాళ్ళింట్ల ఒట్టు లేకపోవచ్చు. సందున్నది."

"శభాష్!" అన్నడు. "అరే, ఇయ్యాల ఊరిని బయట కట్టేసి వచ్చింది పిల్ల!" క్లాసు నవ్వింది. సారు ఇంకో ప్రశ్నకు పోయిండు. నేను చున్నీ నోట్ల కుక్కుకున్న, ఏడుపు బయట పడొద్దని.

చిత్రమేందంటె, ఆ వారం నాకు రీజనింగ్ వచ్చింది. ఫోన్ల మాక్ టెస్టులు పెట్టుకొని కూసుంటె ఒక్కొక్క ముగింపు ఆంటీ మొఖం లెక్కనే కనబడేది. 'తాళంచెయ్యి నీ దగ్గరుండె.' సందున్నది. 'నువ్వు భయపడ్తున్నవ్.' సందున్నది. కోపంతోని చేసిన, కసితోని చేసిన. ఒక్కటి తప్పు పోతలేదు. ఇన్ని నెలలు సారు గొంతు చించుకుంటె రాంది, నా మీద నింద పడంగనే వచ్చె. దొంగ అనిపించుకుంటె గని బుర్ర ఎక్కలే. ఏం సదువు ఇది, థూ!

ఇంట్ల సంగతి మాత్రం వేరే. ఆంటీ తాళంచెయ్యి కొంగుకు కట్టుకున్నది. మోటరు తానే ఏస్తుంది. రొట్టెలు చేసిన వాసన వచ్చింది, మా అర్రకు రొట్టె రాలే. అక్క ఒక్కసారి మంచం మీదికి వంగి, "ఒక్కసారి చెయ్యి పెట్టవే, పీడ పోతది. నీ దేవుడు మాఫ్ చెయ్యడా?" అన్నది. కోపంతోని గాదు, పాపమని అన్నది.

శనివారం పగటీలి ఆంటీ బట్టలు ఆరెయ్యడానికి మీదికి పోయింది. నేను లేసి ఆమె గడప కాడికి పోయిన. దేవుని గూట్ల ఇత్తడి గిన్నె కనబడుతుంది. ముట్టాలె అనుకున్న. దేవుని మీద భయం ఒక్క దిక్కు, మూసిన దర్వాజల ముందల మా అవ్వ నిలబడ్డట్టు కనబడుడు ఇంకో దిక్కు. ఆంటీ దిగొచ్చినంక ఆమె ముందల్నే ముట్టి, అయిపోగొట్టి, రేపు పరీక్ష రాసి, తర్వాత ఏడ్చుకుందమని నిశ్చయం చేసుకున్న. నిలబడే ఉన్న.

గేటు చప్పుడైంది. తిరిగి చూస్తె మా అవ్వ.

నాట్ల కాడికెల్లి సక్కగ బస్సెక్కినట్టున్నది. చీర కుచ్చిళ్ళు ఇంకా పైకి చెక్కే ఉన్నయ్, పిక్కల మీద మడి బురద ఎండి పెళ్ళలు కట్టింది. ఆమె ఎనుక అక్క నిలబడ్డది. ఫోన్ చేసింది అక్కనే.

అవ్వ నన్ను పక్కకు పిలిచింది. "తీసినవా?"

"లేదే అవ్వా."

"సరే." ఇగ రెండో మాట అడగలే. లోపల గూటి దిక్కు చూసింది, నా మొఖం దిక్కు చూసింది. ఏడికి పోతున్ననో ఆమెకు అర్థమైంది. "నువ్వు ముట్టకు. రేపు పరీక్ష ఉన్నది నీకు. నిమ్మలంగ రాయాలె" అన్నది.

"మరి ఎట్ల? ఆమె ఫోన్ చేస్తదంట. పెద్దమనిషికి చెప్తదంట."

అవ్వ నల్ల కాడికి పోయి కాళ్ళు కడుక్కున్నది, చేతులు కడుక్కున్నది. కొంగుతోని తుడుసుకున్నది. అప్పటికి ఆంటీ మెట్లు దిగొచ్చింది. అవ్వ ఆమెకు మొక్కి, "అక్కా, ఆ గిన్నె ఇట్ల పెట్టున్రి" అన్నది.

నాకు అప్పుడు సమజైంది. ఉరికి పోయి చీర పట్టుకున్న. "అవ్వా వద్దే! నువ్వొద్దే!" అని అరిసిన. నా ఏళ్ళు ఒక్కొక్కటి ఇడిపించింది. ఆమె చేతులు నాటేసి నాటేసి నాని తెల్లగ ముడతలు పడ్డయ్. కింద కూసుని, ఆంటీ తెచ్చి పెట్టిన బండారిల ఆ చెయ్యి పెట్టింది.

"నా బిడ్డ తియ్యలే. తీస్తె నా రెండు చేతులు పడిపోను. ఇదే ఒట్టు."

ఎంత నిమ్మలంగ అన్నదో. ఎన్నడు ఒట్టేసి ఎరగని మనిషి, ఏయాల్సొచ్చేసరికి తన చేతుల మీదనే ఏసుకున్నది.

ఆంటీకి కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. "లే చెల్లె, లే. కన్నతల్లివి, నువ్వు ముట్టినంక ఇంకేమున్నది. నాకు ఏ అనుమానం లేదు" అని చెయ్యి పట్టి లేపింది. చాయ పెట్టింది. నన్ను దగ్గరికి తీసుకోబోయింది, నేను దూరం జరిగిన.

బస్టాండు దాక అవ్వ ఎంబడి పోయిన. దారి పొడుగూత అరిసిన. "నువ్వెందుకు ఏసినవ్? నువ్వు ఇంట్ల ఉన్నవా, చూసినవా? నువ్వు ఒట్టేస్తె నేను తియ్యనట్టు ఎట్లయితది? నేను ఎయ్యకపోతె దొంగనైన, నువ్వేస్తె మంచిదాన్నైనా? రెండు తప్పే గదనే!"

"ఆమె ఒప్పుకున్నది గద" అన్నది అవ్వ.

"నువ్వు ఎండల నిలబడ్డవు. అప్పుడు ఎయ్యలే గద నువ్వు!"

"అది నా సంగతి" అన్నది. "ఇది నీది."

పసుపంటిన చెయ్యి కొంగు కింద పెట్టుకొని బస్సెక్కింది. కిటికీల నుంచి ఇంకో చెయ్యి ఊపింది.

పరీక్ష నిజామాబాద్‌ల. కంప్యూటర్ ముందల కూసున్న. రీజనింగ్ వచ్చింది. ఒక దుకాణంల కొత్త లైట్లు పెట్టిన్రు, ఆ నెల గిరాకి పెరిగింది. ముగింపు: లైట్ల వల్లనే గిరాకి పెరిగింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పండుగ నెలేమో. పక్క దుకాణం బందయిందేమో. రాదు అని నొక్కిన. ఒకటెనుక ఒకటి నొక్కుకుంట పోయిన. మొదటిసారి అన్ని అయిపోయినంక గూడ టైము మిగిలింది.

పొద్దు గూకే యాల్లకు ఇంటికొస్తె ఆంటీ గేటు కాడనే ఉన్నది. ఉరికొచ్చి నన్ను గట్టిగ పట్టుకున్నది. మెడల గుండ్లు మెరుస్తున్నయ్.

"దొరికినయ్ బిడ్డా! గిర్నికి పట్టిద్దమని జొన్నలు చాటల పోసి చెరుగుతుంటె టప్పున పడ్డయ్!"

పెండ్లికి పోయే ముందల బీరువల పెట్టిన మాట నిజమే. పెట్టి, మళ్ళ మనసాగక తీసి, దొంగలు బీరువనే పలగ్గొడ్తరని జొన్నల డబ్బల అడుగుకు తోసింది. మా దిక్కు ఆడోళ్ళందరు చేసే పనే. జరమొచ్చి పడుకునేసరికి రెండోసారి దాచిన సంగతి మతికి లేకుండ పోయింది, మొదటిసారి పెట్టింది మాత్రమే యాదికుండె.

"అంత మీ అవ్వ ఒట్టు మహిమ" అన్నది ఆంటీ, రెండు చేతులు గూటి దిక్కు జోడిచ్చి. "నిన్న బండారి ముట్టింది, ఇయ్యాల దొరికినయ్. సత్యమున్న తల్లి. ఎల్లమ్మనే చూపిచ్చింది."

"జొన్నలు చెరిగినందుకు దొరికినయ్ ఆంటీ!" అని అరిసిన. "పిండి అయిపోయినందుకు దొరికినయ్! మా అవ్వ ఎయ్యకున్నా ఇయ్యాల దొరుకుతుండె. ఒక్క దినం ఆగితె దొరుకుతుండె!"

ఆంటీ బిత్తరపోయింది. తర్వాత నా గదుమ పట్టుకొని, "కోపం చెయ్యకు బిడ్డా, తప్పయింది నాది. కని నువ్వన్న మొదలే ఒట్టేసుంటె గింత లొల్లి అయ్యేదా చెప్పు?" అన్నది. మనస్ఫూర్తిగనే అన్నది. ఆ రాత్రి మా అర్రకు జొన్న రొట్టెలొచ్చినయ్. అక్క, మద్నూర్ పిల్ల నన్ను మధ్యల కూసోబెట్టుకొని తిన్నరు. నాకు ముద్ద దిగలే.

అవ్వకు ఫోన్ చేసిన. "దొరికినయా? మంచిగయింది, పాపం ఆమె తల్లియి గద. పరీక్ష ఎట్ల రాసినవ్?" అన్నది. అంతే.

రిజల్టొచ్చింది. పాసైన. అన్నింటికంటె ఎక్కువ రీజనింగ్‌లనే వచ్చినయ్. సారు క్లాసుల నిలబెట్టి చప్పట్లు కొట్టిచ్చిండు, ఎట్ల సదివినవో చెప్పుమన్నడు. ఏం చెప్త? మంచిగ ప్రాక్టీసు చేసిన సార్ అన్న.

ఆ ఆదివారం ఊరికి పోయిన. మా గుడిల పాస్టరు గారు నా కొరకు ప్రార్థన చేసిండు, అందరు నా దిక్కు తిరిగి చూసిన్రు. ఆ దినం ప్రభువు బల్ల; మనసుల తప్పున్నోళ్ళు ఆ రొట్టె ముట్టరు. రొట్టె ముక్కలున్న పళ్ళెం ఒకరి చేతికెల్లి ఒకరి చేతికి వస్తుంది. నేను తీసుకొని అవ్వకిచ్చిన. అవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కున్నది. పళ్ళెం రెండు చేతుల పట్టుకొని, ముక్క తియ్యకుంట, పక్కామెకు అందిచ్చింది. పక్కామె ఏం అడగలే. కొత్తగ చూసినట్టు గూడ చూడలే. అంటె ఇది మొదటిసారి గాదు.

బయటికొచ్చినంక అడిగిన. "ఎందుకు తీసుకోలేదే అవ్వా?"

"పొద్దటి నుంచి కడుపుల మంచిగ లేదు బిడ్డా" అన్నది.

ఊ అన్న. దారి పొడుగూత ఆ మాటనే పట్టుకొని నడిసిన. కడుపుల మంచిగ లేకుంటె తీసుకోకపోవచ్చు. అయ్యేదే. సందున్నది. ఆ సందుల దూరి నేను బతుకుదామనుకున్న. ఇంటికి పోయి అన్నం పెట్టుకున్నం. అవ్వ నా ముందల కూసుని, పప్పు మళ్ళ ఏసుకొని, కడుపు నిండ తిన్నది.